సుభద్రమ్మ ఆపిన మందు

రామన్నపేటకు దగ్గరలోని ఆ చేనేత ఊళ్లో పొద్దు పొడిచిందంటే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. వానాకాలం చివర ఒక ఉదయం సీతారాములు ఎప్పటిలాగే గుంట మగ్గంలో కాళ్లు దింపి కూర్చుని చీర నేస్తున్నాడు. ఆయన భార్య సుభద్రమ్మ వసారాలో గోడకు ఆనుకుని కండెలు చుడుతున్నది. లోపలి అర్రలో కోడలు మల్లీశ్వరి ఉన్న చెద్దర్లన్నీ కప్పుకుని వణుకుతున్నది. ఆమెకు ఆరో నెల. పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు మగ్గం ఆగినప్పుడల్లా వసారాలోకి వినబడుతున్నది.

"కడుపుతోని ఉన్నోళ్లకు గిట్లనే ఉంటది బిడ్డా. లోపల పానం పెరుగుతుంటే ఒళ్లు ఏడెక్కుతది. మిరియాల కషాయం పెట్టిన, తాగి పండుకో. చెమట పట్టినంక అదే పోతది," అన్నది సుభద్రమ్మ.

ఆమె అన్నట్టే అయింది. మధ్యాహ్నానికి చెమటలు పట్టి జ్వరం దిగిపోయింది. సాయంత్రం మల్లీశ్వరి లేచి ముఖం కడుక్కుని, అత్త పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తెంపి ఇచ్చింది. మరునాడు ఏమీ లేదు. ఆ మరునాడు సరిగ్గా అదే వేళకు మళ్లీ చలి మొదలైంది.

ఇది మన ఊళ్లలో ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే. గర్భిణికి జ్వరం వస్తుంది. పెద్దవాళ్లు మామూలే అంటారు. జ్వరం తగ్గగానే అందరూ మరిచిపోతారు. ఆ "మామూలే" అన్న మాట చాటున ఏం దాగి ఉంటుందో చెప్పడానికే ఈ కథ. అంతమాత్రాన సుభద్రమ్మను ఎవరూ చెడ్డ అత్త అనుకోవద్దు. అటువంటి అత్త దొరకడం కష్టం.

మల్లీశ్వరిది కోస్గి పక్కన ఒక పల్లె. తల్లి ఆమె చిన్నతనంలోనే చనిపోయింది. తండ్రి తాపీ పనికి ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. పెళ్లయ్యాక భర్త మహేశ్‌తో షాద్‌నగర్‌లో కాపురం పెట్టింది. మహేశ్ అక్కడ ఒక కంపెనీలో పని చేస్తాడు. వాళ్లు కిరాయికి ఉన్న గది పక్కనే ఒక పెద్ద బిల్డింగు లేస్తుండేది. గోడలు తడపడానికి తొట్ల నిండా నీళ్లు ఎప్పుడూ నిలువ ఉండేవి. సాయంత్రమైతే దోమలు. అక్కడ ఒకసారి మల్లీశ్వరికి జ్వరం వస్తే మహేశ్ మెడికల్ షాపులో చెప్పి నాలుగు గోళీలు తెచ్చిచ్చాడు. తగ్గింది. ఏం జ్వరమని ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు.

ఐదో నెల పడగానే సుభద్రమ్మ స్వయంగా షాద్‌నగర్ వెళ్లి కోడలిని తీసుకొచ్చింది.

"తొలి కాన్పు తల్లిగారింట్ల కావాలె. గా పిల్లకు తల్లి లేదు. అయితే ఏమాయె, నేను లేనా?" అన్నది కొడుకుతో.

ఆ మాట విని మల్లీశ్వరి గది మూలకు పోయి కళ్లు తుడుచుకున్నది. తల్లి తనకు తల దువ్విన జ్ఞాపకం ఆమెకు లేదు. ఊరికి వచ్చిన నాటి నుంచి సుభద్రమ్మే రోజూ కూర్చోబెట్టి తలకు నూనె పెట్టి జడ వేసేది. అందుకే అత్త మాట ఆమెకు మాట కాదు, వేదం.

రెండో వారం కూడా చలిజ్వరం దినం తప్పించి దినం వస్తూనే ఉంది. అదే వీధిలో ఉండే ఆశా కార్యకర్త రిజ్వానా గర్భిణులను చూడడానికి వచ్చినప్పుడు మల్లీశ్వరి చెద్దరు కప్పుకుని ఉంది. రిజ్వానా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎన్నొద్దుల నుంచి పెద్దమ్మా?"

"వస్తాంది, పోతాంది. ఎప్పటికీ ఉంటలేదు గద," అన్నది సుభద్రమ్మ.

"వచ్చి పోవుడే మంచిది కాదు పెద్దమ్మా. జర వేలు ఇయ్యి చెల్లె."

వేలి కొసన సూదితో పొడిచి, రక్తపు చుక్క తీసి పరీక్ష పట్టీ మీద వేసింది. పట్టీ మీద ఒక గీత వచ్చింది, దాని పక్కన ఇంకొకటి మెల్లగా తేలింది.

"మలేరియా," అన్నది రిజ్వానా.

సుభద్రమ్మకు కోపం వచ్చింది. "మా ఇంట్ల మురికి ఎక్కడున్నదే? మోరీ గూడ రోడ్డు అవతల ఉన్నది."

"గా దోమకు మురికి అక్కర లేదు. నిలువ ఉన్న మంచినీళ్లు చాలు," అని రిజ్వానా పెరట్లోకి నడిచింది. అక్కడ ఒకప్పుడు నూలుకు రంగులద్దిన సిమెంటు తొట్లు ఉన్నాయి. సీతారాములు ఇప్పుడు రంగు వేయించిన నూలే తెచ్చుకుంటున్నాడు కనుక అవి వాడకంలో లేవు. వాననీళ్లు నిండి, అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. వంగి చూస్తే ఆ తేటనీటిలో సన్నని పురుగులు తోకలాడిస్తూ కదులుతున్నాయి.

"గివే రేపు దోమలైతయి. చెల్లె షాద్‌నగర్ల తెచ్చుకున్నదో, ఈడనే కుట్టినయో చెప్పలేం. ఈ నీళ్లు మాత్రం ఇయ్యాలనే ఎత్తిపోయాలె."

సీతారాములు మగ్గం దిగి వచ్చి బకెట్ అందుకున్నాడు.

ఆ రోజే రిజ్వానా, సీతారాములు కలిసి మల్లీశ్వరిని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు మళ్లీ పరీక్ష చేసి, గర్భిణులకు ఇవ్వదగిన మందు మూడు రోజులకు ఇచ్చాడు. తొలి మోతాదు అక్కడే మింగించాడు. "ఈ రకం మలేరియా క్రిమి కాలేయంలో వేరు పట్టి దాక్కుంటుంది. ఆ వేరును తీసే మందు కడుపుతో ఉన్నప్పుడు ఇవ్వకూడదు, కాన్పు తర్వాత చూస్తాం. అందాకా మళ్లీ ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు రావాలి," అని చెప్పాడు. రక్తం పట్టడానికి ఐరన్ గోళీలూ ఇచ్చాడు.

అప్పటికి మల్లీశ్వరి పరగడుపుతో ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వాంతి చేసుకున్నది. ఇంటి ముందు దిగేసరికి ముఖం పాలిపోయి, గడప పట్టుకుని నిలబడింది. సుభద్రమ్మ ఎదురొచ్చి ఆమెను పొదివి పట్టుకున్నది. లోపల పడుకోబెట్టి, మందుల సంచి తీసి చూసింది. గోళీల పట్టీ చేతికి తగలగానే ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

"ఇవి మింగకు బిడ్డా."

"డాక్టరు సారు మింగమన్నడు అత్తమ్మా."

సుభద్రమ్మ మంచం అంచున కూర్చున్నది. ఆమె తన నోటితో అంతవరకు ఎవరికీ చెప్పని సంగతి అది.

"మహేశ్ కంటె ముందు నాకొక కొడుకు. తొలిచూలు. ఎనిమిదో నెలల గిట్లనే చలిజ్వరం వచ్చింది. మా అత్త మందు మింగొద్దన్నది. వారం దినాలు ఓర్సుకున్న. ఇగ ఓర్వశక్తి గాలే. పక్కూరి కంపౌండరు ఇచ్చిన గోళీ చాటుకు మింగిన. తెల్లారి కాన్పయింది. పిలగాడు సచ్చి పుట్టిండు. నిండుగ ఎంటికలు, సక్కటి ముక్కు. నేనొక్కసారి చూసిన, అంతే, తీస్కపోయిండ్రు. 'గోళీ మింగి కొడుకును సంపుకున్నది' అని మా అత్త వాడకట్టంత చెప్పింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు బిడ్డా. నా వణుకు తగ్గాలని నేనే మింగిన."

మల్లీశ్వరి చాలాసేపు అత్త చెయ్యి పట్టుకుని పడుకుంది.

"మింగనులే అత్తమ్మా," అన్నది చివరికి. "నువ్వు ఫికర్ చెయ్యకు."

మందుల సంచి, ఐరన్ గోళీలతో సహా, సుభద్రమ్మ చేతి మీదుగా పెరటి చెత్తగుంటలో పడింది. రెండు రోజుల తర్వాత రిజ్వానా వచ్చి అడిగితే, "అన్నీ మింగిన అక్కా," అని మల్లీశ్వరి తడుముకోకుండా చెప్పింది. అత్తను ఎవరూ ఒక్క మాట అనకూడదని మాత్రమే ఆమె అనుకున్నది.

ఆలోచించండి. ఆ ఇంట్లో డాక్టరుకు దారి ఉంది, మందు చేతికి అందింది, ఆరా తీసే మనిషి వీధిలోనే ఉంది. అత్తాకోడళ్ల మధ్య ప్రేమ కూడా ఉంది. ఇన్ని ఉండి కూడా ఒక పాత దుఃఖం వల్ల రోగానికి చోటు దొరికింది.

మింగిన ఆ కాస్త మందుకో ఏమో, జ్వరం కొన్నాళ్లు రాలేదు. సుభద్రమ్మకు ధైర్యం వచ్చింది. వేపాకు, తిప్పతీగ, కషాయం, ఆమెకు తెలిసినవన్నీ చేసింది. కానీ మల్లీశ్వరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బతుకమ్మ ఆడడానికి వెళ్లిన రోజు రెండు చుట్లు తిరిగేసరికి ఆయాసం వచ్చి కూలబడింది. ఏడో నెల నిండుతున్నా పొట్ట పెరిగినట్టు లేదు. రిజ్వానా రెండుసార్లు వచ్చి, "పెద్దమ్మా, నల్లగొండకు తోలుకపోదాం, స్కానింగు చేయిద్దాం," అన్నది. "పండుగ అయినంక," అన్నది సుభద్రమ్మ. పండుగ అయింది. "వచ్చే వారం," అన్నది.

జ్వరం అంతకాలం ఆగలేదు. ఒక ఉదయం పెరట్లో దండెం మీద తడి నూలు ఆరేస్తూ మల్లీశ్వరి పడిపోయింది. సుభద్రమ్మ పరుగెత్తుకొచ్చి తల ఒడిలో పెట్టుకున్నది. ఒళ్లు పెనంలా కాలుతున్నది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. పెదాలు కదిలాయి.

"అత్తమ్మా, నిన్నటి సంది సరిగ్గ కదుల్త లేదు."

ఆ మాట ఆమె ఎక్కడో విన్నది. ఎక్కడ విన్నదో ఆ క్షణాన తట్టలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా రిజ్వానా ఇంటికి ఉరికింది.

"నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి బిడ్డా. నా పిల్ల పోయేటట్టున్నది."

నల్లగొండ పెద్ద దవాఖానలో మల్లీశ్వరిని చూసిన డాక్టరు పేరు స్వర్ణలత. నడివయసు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. పొట్ట మీద పరికరం పెట్టి చాలాసేపు వెతికింది. ఎట్టకేలకు చిన్న గుండె చప్పుడు గదిలో వినిపించింది. మందంగా, కానీ ఆగకుండా కొట్టుకుంటున్నది. మల్లీశ్వరి కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. అప్పటికి షాద్‌నగర్ నుంచి మహేశ్ కూడా వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

రక్త పరీక్షలు వచ్చాయి. రక్తం ఉండాల్సిన దానిలో సగం కూడా లేదు. మలేరియా మళ్లీ ఉంది, ఈసారి తీవ్రంగా.

"మీ వెంట వచ్చిన రిజ్వానా అన్నీ చెప్పింది," అన్నది స్వర్ణలత. "అమ్మా మల్లీశ్వరీ, పోయిన నెల ఇచ్చిన మందు మొత్తం మింగినవా? ఒక్కటి గూడ విడవలేదా?"

మల్లీశ్వరి కళ్లు తెరిచి ముందు అత్తను చూసింది. "మింగిన మేడం."

డాక్టరు కాగితాలు మళ్లీ తిరగేసింది. "మొత్తం మింగినా ఇట్ల వచ్చిందంటే ఆ మందు నీకు పని చేయడం లేదేమో. అట్లయితే నేను వేరే తీరుగ ఆలోచించాలె. సరిగ్గ చెప్పాలె, దీన్ని బట్టే ముందటి మందు ఉంటది."

సుభద్రమ్మ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. పక్కనే కొడుకున్నాడు, భర్త ఉన్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కోడలు చచ్చినా చెప్పదు. ఆ సంగతి అర్థం కాగానే ఆమెకు తన మీద తనకే భయం వేసింది. ఈ పిల్ల నా కోసం చచ్చిపోతుంది అనుకున్నది.

"మింగలేదు డాక్టరమ్మా," అన్నది. "నేనే మింగనియ్యలే. ఒక్క మోతాదే, అదీ కక్కుకున్నది. తక్కిన గోళీలు నేనే పారేసిన. రక్తం గోళీలు గూడ. తప్పు నాది, ఆ పిల్లది కాదు."

మహేశ్ తల్లి వైపు చూశాడు. ఆమెను ఎన్నడూ చూడనట్టు చూశాడు. బయటికి వెళ్లిపోయాడు.

డాక్టరు మాత్రం మందలించలేదు. "ఇప్పుడన్నా చెప్పిండ్రు, మంచి పని చేసిండ్రు," అని నర్సును పిలిచింది. సూదిమందు మొదలైంది. రక్తం ఎక్కించాలన్నారు. మహేశ్, అతని వెంట వచ్చిన కంపెనీ స్నేహితుడు మోయిజ్ రక్తం ఇచ్చారు.

మరునాటి ఉదయానికి జ్వరం దిగింది. స్వర్ణలత రౌండు ముగించుకుని వెళ్లబోతూ వరండాలో ఒంటరిగా కూర్చున్న సుభద్రమ్మను చూసి ఆగింది. పక్కన కూర్చుంది.

"మందు ఎందుకు ఆపిండ్రమ్మా? కోడలంటే మీకు ఎంత పానమో చూస్తనే ఉన్న. ఊరికే ఆపరు."

సుభద్రమ్మ చెప్పింది. కోడలికి చెప్పినట్టే, తల వంచుకుని, అంతా చెప్పింది. అటు పక్కన గోడకు ఆనుకుని నిలబడిన సీతారాములు కూడా విన్నాడు.

డాక్టరు కొంచెం ఆలోచించి అడిగింది. "గోళీ మింగిన రోజు, మింగకముందు, లోపల బిడ్డ కదిలిండా?"

సుభద్రమ్మ తలెత్తింది.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అత్త అడగలేదు, భర్త అడగలేదు. తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు. ఇప్పుడు అడిగేసరికి, మూసుకుపోయిన అర్ర తలుపు తెరిచినట్టు ఆ రోజు మొత్తం కళ్ల ముందుకు వచ్చింది. పొద్దున నీళ్లు తోడుతూ పొట్ట మీద చెయ్యి వేసి చూసుకోవడం. కదలిక లేకపోవడం. అత్తతో, "నిన్నటి సంది కదుల్త లేడు," అంటే, "పండుకున్నడు తియ్యి," అని ఆమె అనడం. మధ్యాహ్నం చలి. ఆ తర్వాత, పొద్దుగూకే వేళ, గోళీ.

"కదల్లే," అన్నది సుభద్రమ్మ. "గోళీ మింగకముందే కదల్లే. ముందటి నాడు గూడ లేదు. నిన్న నా కోడలు గదే మాట అన్నది. గా మాట నేనే అన్న, మా అత్తతోని."

స్వర్ణలత ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకున్నది.

"అప్పటి సంగతి ఇప్పుడు పరీక్ష చేసి నేను రుజువు చెయ్యలేను. కాని మీరు చెప్పిన తీరు చూస్తే, మీ బిడ్డను గోళీ చంపలేదమ్మా. మందు అందక ముందు ఉన్న వారం రోజుల జ్వరం చంపింది. మలేరియా క్రిమి తల్లి రక్తాన్ని తింటది. తల్లికి రక్తం లేకపోతే మాయలో నుంచి బిడ్డకు పోయే తిండి, గాలి తగ్గుతయి. బిడ్డ ఎదగదు. నెలలు నిండక ముందే పుట్టొచ్చు, కడుపులోనే పోవచ్చు. కొన్ని మందులు కడుపుతో ఉన్నప్పుడు ఇయ్యకూడదు, నిజమే. అందుకే షాపులో అడిగి మింగొద్దు, డాక్టరు చూసి ఇచ్చిందే మింగాలె. ఇచ్చింది మాత్రం మొత్తం మింగాలె."

సుభద్రమ్మ ఏడ్చింది. గట్టిగా ఏడ్వలేదు. చాలా కాలం నెత్తి మీద మోసిన మూట దించుకున్న మనిషి మెడ ఎట్లా వణుకుతుందో అట్లా వణికింది. సీతారాములు వచ్చి ఆమె ముందు కింద కూర్చున్నాడు.

"మా అవ్వ గా మాటలన్ననాడు నేను అక్కడనే ఉన్న సుభద్రా," అన్నాడు. "ఆపాలె, ఆపలే."

ఆమె ఆయన చాచిన తువ్వాలు తీసుకుని కళ్లు తుడుచుకున్నది.

మహేశ్‌కు ఆ సంగతి తండ్రి చెప్పాడు. ఆ సాయంత్రం అతను టీ గ్లాసు తెచ్చి తల్లి పక్కన పెట్టాడు. కోపం ఇంకా పోలేదు, ముఖంలో తెలుస్తూనే ఉంది. "షాద్‌నగర్ల జ్వరమొచ్చినప్పుడు నేను గూడ రక్తం చూపియ్యలేదమ్మా. షాపుల గోళీలు తెచ్చి చేతులు దులుపుకున్న," అన్నాడు. అంతకుమించి వాళ్లిద్దరూ ఆ విషయం మాట్లాడుకోలేదు. అవసరం రాలేదు.

సూదిమందు అయ్యాక గోళీలు ఇచ్చారు. వాటిని నర్సు చేతి నుంచి సుభద్రమ్మే అడిగి తీసుకున్నది. ముందు నాలుగు ముద్దలు అన్నం కలిపి పెట్టింది. తర్వాత గోళీ కోడలి నోటి దాకా తెచ్చి ఆగింది. తెలిసినంత మాత్రాన భయం ఒక్కరోజులో పోతుందా? మల్లీశ్వరి ఆ చెయ్యి పట్టుకుని, గోళీ మింగి, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపటికి మల్లీశ్వరి అత్త అరచేతిని తన పొట్ట మీద పెట్టింది. లోపల ఒక తన్ను. బలహీనంగానే, కానీ స్పష్టంగా.

కాన్పు అనుకున్న సమయానికి కొన్ని వారాల ముందే వచ్చింది. ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. అరచేతిలో పట్టే తల, కాగితంలా పలుచని చర్మం. డాక్టర్లు బిడ్డకు కూడా మలేరియా పరీక్ష చేశారు, లేదని తేలింది. నెలలు నిండని పిల్లలను చూసే వార్డులో ఉంచారు. తల్లి ఎద మీద బిడ్డను చర్మానికి చర్మం తగిలేట్టు పడుకోబెట్టుకోవాలని, ఆ వెచ్చదనమే మందని నర్సులు నేర్పారు. మల్లీశ్వరి ఒళ్లు అలిసినప్పుడు ఇంటివాళ్లు ఇంకెవరైనా పడుకోబెట్టుకోవచ్చన్నారు.

"నేను," అన్నది సుభద్రమ్మ, అడగక ముందే.

శుభ్రంగా స్నానం చేసి వచ్చి, వాలు కుర్చీలో కూర్చుని, ఆ పిడికెడు ప్రాణాన్ని ఎదకు హత్తుకుని కొంగు కప్పుకున్నది. బిడ్డ ఊపిరి ఆమె గుండెకు తగులుతున్నది. చేతుల్లోకి తీసుకోకుండానే పోగొట్టుకున్న కొడుకు గుర్తొచ్చాడు. ఈసారి ఆ జ్ఞాపకంలో నింద లేదు, దుఃఖం మాత్రమే ఉంది. నింద లేని దుఃఖాన్ని మనిషి మోయగలడు. బిడ్డ రోజూ కొద్దికొద్దిగా బరువు పెరిగింది. పాలు పీల్చడం నేర్చుకున్నది. ఒకనాడు స్వర్ణలత చూసి, "ఇంటికి తీస్కపోండి. తల్లికి ఇంకొక మందు ఉంది, అది ఎప్పుడు మొదలుపెట్టాలో పరీక్ష చేసి నేను చెప్త. మరువొద్దు," అన్నది.

"మరువం డాక్టరమ్మా," అన్నది సుభద్రమ్మ. "తోలుకొచ్చే పూచీ నాది."

ఇంట్లో మంచాలకు దోమతెరలు వచ్చాయి. పెరటి తొట్లను సీతారాములు మట్టితో నింపి, బంతి మొక్కలు నాటాడు. రిజ్వానా ఆ వాడకట్టులో నీళ్లు నిలువ ఉన్న ఇళ్లకు పోతుంటే సుభద్రమ్మ కూడా వెంట పోవడం మొదలుపెట్టింది. రిజ్వానా చెబితే తల ఊపి ఊరుకునేవాళ్లు, సుభద్రమ్మ కొంగు బిగించి నిలబడితే బకెట్ తెచ్చుకునేవాళ్లు.

పాపకు నిహారిక అని పేరు పెట్టిన రోజు ఇంటి నిండా ఆడవాళ్లు. ఉయ్యాల కట్టారు, శనగలు పంచారు. వెనుక వరుసలో, నాలుగిళ్ల అవతల ఉండే బిక్షమ్మ కోడలు ఉష శాలువా కప్పుకుని గోడకు ఒరిగి ఉంది. ఐదో నెల. ముఖం వాడిపోయి ఉంది.

"ఏందే, గట్లున్నవ్?" అని ఎవరో అడిగారు.

"ఏం లేదు, మొన్న చలి పెట్టింది. ఎండల తిరిగింది గద. కషాయం పోస్తున్న, రెండు దినాలల్ల పోతది. కడుపుతోని ఉన్నోళ్లకు మామూలే," అన్నది బిక్షమ్మ.

ఉయ్యాల ఊపుతున్న సుభద్రమ్మ చెయ్యి ఆగింది. పాపను తీసి మల్లీశ్వరి ఒడిలో పెట్టి, నిలబడింది. వాడకట్టులో నలుగురి ముందు తన సంగతి ఆమె ఏనాడూ చెప్పుకోలేదు. మాటలు మెల్లగా వచ్చాయి.

"బిక్షమ్మా, గా మాట నేను గూడ అన్న. నా కోడలు సావు దాక పోయొచ్చింది. నా తొలిచూలు కొడుకు సంగతి మీ అందరికి ఎరుకే. గోళీ మింగి సంపుకున్న అని చెప్పుకున్నరు, నేను గూడ నమ్మిన. నమ్మి, నా కోడలి మందు మంట్ల కలిపిన. ఉత్త అబద్ధం అది. వాన్ని మింగింది గోళీ కాదు, జ్వరం. ఇగ ఏ తల్లినీ గా మాట అననియ్య." ఆమె రిజ్వానా వైపు తిరిగింది. "నీ సంచి తెచ్చినవా బిడ్డా?"

రిజ్వానా లేచి ఉష పక్కకు వచ్చి కూర్చుంది. బిక్షమ్మ తనే కోడలి శాలువా తొలగించి చెయ్యి ముందుకు చాపించింది. ఇంటి నిండా ఉన్న ఆడవాళ్లు ఆ వేలి కొసనే చూస్తున్నారు.

సుభద్రమ్మ ఉష తల నిమురుతూ అందరికీ వినబడేట్టు అన్నది: "కడుపుతోని ఉన్న పిల్లకు జ్వరమొస్తే అది మామూలు జ్వరం కాదు, రెండు పానాల జ్వరం. గా దినమే రక్తం చూపియ్యుండ్రి, డాక్టరు ఇచ్చిన మందు ఆఖరు గోళీ దాక మింగియ్యుండ్రి."